యానోడ్ ఉబ్బును తయారీ దశలోనే ఎంతవరకు తగ్గించవచ్చు?

ప్రశ్న సారాంశం: "మా పైలట్ లైన్ మీద గ్రాఫైట్ యానోడ్‌తో (నెగటివ్ ఎలక్ట్రోడ్‌తో) లిథియం అయాన్ పౌచ్ సెల్స్, అంటే మెత్తని సంచిలో మూసిన బ్యాటరీలు చేస్తున్నాం. పూతను రోలర్ల మధ్య నొక్కే క్యాలెండర్ యంత్రం నుంచి బయటికి వచ్చినప్పటి మందంతో పోలిస్తే, మొదటి పూర్తి ఛార్జ్ తర్వాత సెల్ విప్పి చూసినప్పుడు యానోడ్ పూత దాదాపు నాలుగో వంతు పెరిగి ఉంటోంది. గ్రాఫైట్ పది శాతమే ఉబ్బుతుందని చదివాం. పదార్థం మార్చకుండా తయారీ పద్ధతుల ద్వారా దీన్ని తగ్గించవచ్చా? తర్వాత కొంచెం సిలికాన్ ఆక్సైడ్ కూడా కలపాలనుకుంటున్నాం."

తగ్గించవచ్చు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే తగ్గించడానికి వీలున్న భాగమే ఎక్కువగా ఉంది. గ్రాఫైట్‌లో కార్బన్ పొరల మధ్య దూరం సుమారు 0.335 నానోమీటర్లు ఉంటుంది, ఛార్జ్‌లో వాటి మధ్యకు లిథియం వచ్చి పూర్తిగా నిండినప్పుడు అది 0.370 నానోమీటర్లకు చేరుతుంది. అంటే పొరలకు అడ్డంగా పెరుగుదల పది శాతం పైచిలుకు; పొరల వెంబడి చూస్తే ఒక శాతం మాత్రమే. ఈ పెరుగుదల ఆ పదార్థపు స్వభావం కాబట్టి ఏ యంత్రంతోనూ దీన్ని మాన్పించలేం. మొదటి ఛార్జ్‌లో కణాల మీద ఏర్పడే ఎస్‌ఈఐ అనే రక్షణ పొర మందం నానోమీటర్లలోనే ఉంటుంది కనుక మీ లెక్కలో మిగిలిన పదిహేను శాతానికి అది కారణం కాదు. ఆ పదిహేను శాతంలో చాలా భాగాన్ని మనమే స్లర్రీ (పూతకు వాడే ద్రవ మిశ్రమం) కలిపేటప్పుడు, పూత ఆరబెట్టేటప్పుడు, ముఖ్యంగా రోలర్ల మధ్య నొక్కేటప్పుడు ఎలక్ట్రోడ్‌లో దాచిపెడతాం. సెల్‌లోకి వెళ్లాక అది బయటపడుతుంది.

అందువల్ల ఏ మార్పూ చేయకముందే ఆ పెరుగుదల ఏ దశలో ఎంత వస్తోందో విడదీసి కొలవాలని నా గట్టి సలహా. ఒకే ఎలక్ట్రోడ్ ముక్కను క్యాలెండర్ నుంచి రాగానే, ఒక రోజు ఊరకే ఉంచాక, వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టాక, ఛార్జ్ చేయకుండా ఎలక్ట్రోలైట్‌లో (లిథియం అయాన్లను మోసే ద్రవంలో) నానబెట్టాక, మొదటి పూర్తి ఛార్జ్ తర్వాత, ఆ వెంటనే పూర్తిగా డిశ్చార్జ్ చేశాక కొలవండి. చివరి రెండు కొలతల మధ్య తేడా లిథియం రాకపోకల వల్ల కలిగేది, అది ప్రతి ఛార్జ్‌లోనూ వస్తూ పోతూ ఉంటుంది. డిశ్చార్జ్ అయ్యాక కూడా తగ్గకుండా మిగిలిపోయిన పెరుగుదలే మీరు లైన్ మీద వేటాడవలసినది.

కొలిచేటప్పుడు పూతకు ఆధారమైన రాగి రేకు మందాన్ని తీసివేసి లెక్క కట్టండి. 8 మైక్రాన్ల రేకుకు రెండు వైపులా 60 మైక్రాన్ల చొప్పున పూత ఉంటే మొత్తం 128 మైక్రాన్లు అవుతుంది. అది 152కు చేరితే రేకుతో కలిపి చూసినవారికి 18.75 శాతం, పూతను మాత్రమే చూసినవారికి 20 శాతం పెరుగుదల కనిపిస్తుంది. రెండు బృందాలు రెండు పద్ధతుల్లో లెక్కలు కట్టి వారాల తరబడి వాదించుకోవడం నేను చూశాను. ఇంకో సంగతి, ఈ 24 మైక్రాన్లు చిన్నవిగా అనిపించవచ్చు, కానీ సెల్‌లో ఇలాంటి యానోడ్‌లు పదిహేను ఉంటే సెల్ మందంలో 0.36 మిల్లీమీటర్లు పెరిగినట్టే.

ఛార్జ్ అయిన సెల్‌ను విప్పడం ఆర్గాన్ నింపిన గ్లవ్‌బాక్స్‌లోనే జరగాలి. లిథియం నిండిన యానోడ్‌కు గాలి, తేమ తగిలితే వేడెక్కి మంటలు కూడా రావచ్చు. విప్పిన యానోడ్‌ను డైమిథైల్ కార్బొనేట్‌తో కడిగి, మీద మిగిలిన లవణం పోయాకే మైక్రోమీటర్ పెట్టాలి. లేకపోతే ఎండిన లవణపు పొర కూడా మందంలో కలిసిపోతుంది. కొలిచే ముందు ఒకసారి రంగు చూడండి. పూర్తిగా నిండిన గ్రాఫైట్ మేలిమి బంగారు రంగులో మెరుస్తుంది. ఆ బంగారు రంగు మధ్యలో ఎర్రటి లేదా నల్లటి పట్టీలు కనిపిస్తే ఆ చోట్లకు లిథియం సరిగా చేరలేదని అర్థం. అక్కడ ఎలక్ట్రోలైట్ ఇంకలేదో, పొరల మధ్య ఎడం వచ్చిందో, పూత బరువు ఎక్కువైందో వెతకాలి. సమంగా నిండని యానోడ్ సమంగా ఉబ్బదు, అలా ఉబ్బని ఎలక్ట్రోడ్ వంకర తిరుగుతుంది.

ఇక ఈ వ్యవహారమంతటికీ మూలమైన క్యాలెండరింగ్ సంగతికి వస్తాను. ఆరిన పూత రోలర్ల మధ్య నుంచి వెళ్లినప్పుడు కణాలు ఒకదానిలోకి ఒకటి జరుగుతాయి, కొన్ని వంగుతాయి, వాటిని అతికి ఉంచే బైండర్ సాగుతుంది. ఈ మార్పుల్లో కొంత శాశ్వతం, కొంత మాత్రం జిన్నింగ్ మిల్లులో అదిమి కట్టిన పత్తి బేలు పట్టీ కోయగానే పైకి లేచినట్టు, అవకాశం దొరకగానే తిరిగి లేచేదే. రోలర్ దాటిన మరుక్షణమే కొంత లేస్తుంది, వాక్యూమ్ ఓవెన్‌లో బైండర్ మెత్తబడినప్పుడు మరికొంత, ఎలక్ట్రోలైట్‌లో నానినప్పుడు ఇంకొంత లేస్తుంది. మిగిలి ఉన్న ఒత్తిడి మొదటి ఛార్జ్‌లో కణాలు ఉబ్బి కదిలినప్పుడు విడుదలవుతుంది. మనం దాన్ని లిథియం ఖాతాలో వేసి గ్రాఫైట్‌ను నిందిస్తాం.

నొక్కడం ఎంతవరకు అన్నదానికి ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. గ్రాఫైట్, బైండర్ కలిసిన ఘనపదార్థపు సాంద్రతను ఘన సెంటీమీటరుకు 2.2 గ్రాములుగా తీసుకుంటే, పూత సాంద్రత 1.5 ఉన్నప్పుడు ఖాళీల శాతం 32, 1.65 ఉన్నప్పుడు 25, 1.75కు తెస్తే 20 అవుతుంది. ఖాళీలు తగ్గేకొద్దీ ప్రతి మెట్టుకూ అంతకు ముందుకంటే ఎక్కువ బలం కావాలి, ఆ అదనపు బలంలో తిరిగి లేచే వంతు పెరుగుతూ పోతుంది. ఉబ్బిన కణాలు సర్దుకోవడానికి లోపల చోటు కూడా తగ్గుతుంది. అందుకే 1.75 దాకా నొక్కి సాధించామనుకున్న పలుచదనం మొదటి ఛార్జ్ తర్వాత చాలావరకు మాయమవుతుంది. సరిపోల్చవలసింది పూర్తి ఛార్జ్ తర్వాతి మందాన్ని. 1.6, 1.65, 1.7 సాంద్రతల్లో మూడు చుట్టలు చేసి, పూర్తి ఛార్జ్ మీద మందం కొలిచి, అందులో ఏది తక్కువో అదే ఎంచుకోండి. చాలా గ్రాఫైట్‌ల విషయంలో అది మీరు ఊహించిన గరిష్ఠ సాంద్రత కాదు.

రోలర్లు చేసే రెండో పని కంటికి కనిపించదు. మామూలు గ్రాఫైట్ కణాలు రేకుల్లాగా పలుచగా ఉంటాయి, ఎంత నొక్కితే అంతగా రాగి రేకుకు సమాంతరంగా పడుకుంటాయి. కణాలు పడుకున్నప్పుడు వాటి ఉబ్బు మొత్తం ఎలక్ట్రోడ్ మందం వైపే తిరుగుతుంది. ఘనపరిమాణంలో గ్రాఫైట్ పెరుగుదల పన్నెండు, పదమూడు శాతం ఉంటుంది. కణాలు అన్ని దిశలకూ చెదిరి ఉండి అన్ని వైపులకూ సమంగా పెరగగలిగితే ఒక్కో దిశకు వచ్చేది నాలుగు శాతమే. రాగి రేకు పక్కలకు సాగనివ్వదు కాబట్టి వాస్తవంలో ఆ నాలుగు శాతం దగ్గర ఆగదు గానీ, పక్కలకు తోసే ఉబ్బులో కొంతభాగం కణాల మధ్య ఖాళీల్లో సర్దుకుంటుంది. కణాలు ఎంత పడుకున్నాయో ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో తెలుస్తుంది. రాగి లక్ష్యం ఉన్న ఎక్స్‌రే యంత్రంలో 54.7 డిగ్రీల దగ్గర వచ్చే 004 శిఖరపు తీవ్రతను, 77.5 డిగ్రీల దగ్గర వచ్చే 110 శిఖరపు తీవ్రతతో భాగించండి. ఆ నిష్పత్తి పెరిగిందంటే కణాలు ఎక్కువగా పడుకున్నాయని అర్థం. నొక్కకముందు, నొక్కాక రెండు సార్లూ తీస్తే మీ క్యాలెండర్ ఎంత పడుకోబెడుతోందో ఒక్క పూటలో తేలిపోతుంది. చిన్న కణాలను గుత్తులుగా కలిపి చేసిన కృత్రిమ గ్రాఫైట్ ఈ విషయంలో మెరుగు. మీరు పదార్థం మార్చవద్దన్నారు కనుక దాన్ని పక్కన పెడుతున్నాను.

మరి నొక్కడం ఎలా? ఒకే దెబ్బలో కావలసిన మందానికి తెచ్చే బదులు రెండు విడతలుగా నొక్కండి. మొదటి విడతలో తగ్గవలసిన మందంలో ఎక్కువ భాగం తగ్గించి, కొంత విరామం తర్వాత రెండో విడతలో మిగతాది పూర్తి చేస్తే అదే మందానికి తక్కువ బలం చాలుతుంది. లైన్ వేగం తగ్గిస్తే పూత రోలర్ల మధ్య ఎక్కువసేపు ఉంటుంది కనుక శాశ్వతంగా కుదురుకునే వంతు పెరుగుతుంది. పెద్ద వ్యాసం ఉన్న రోలర్‌తోనూ ఇదే ఫలితం వస్తుంది. వేడి చేసిన రోలర్లు పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ బైండర్ ఉన్న క్యాథోడ్‌కు (పాజిటివ్ ఎలక్ట్రోడ్‌కు) స్పష్టంగా మేలు చేస్తాయి, ఎస్‌బీఆర్ రబ్బరు బైండర్ ఉన్న యానోడ్‌కు గోరువెచ్చని రోలర్లు చాలు. వేడి ఎక్కువైతే పూత రోలర్‌కు అంటుకోవడం మొదలవుతుంది. పూత అంచులను కూడా గమనించండి. సన్నని చీలిక గుండా స్లర్రీని రేకు మీద పరిచే స్లాట్ డై నుంచి వచ్చే పూతకు అంచుల్లో గట్టులాగా మందం పేరుకుంటే రోలర్ బలమంతా ఆ గట్టు మీదే పడుతుంది, అక్కడి రేకు సాగి అలలుగా మారుతుంది. ఆ అలలు సెల్‌లో పొరల మధ్య ఎడంగా మిగిలిపోతాయి.

నొక్కిన వెంటనే కత్తిరించి, పేర్చి, పౌచ్‌లో పెట్టే తొందర వద్దు. తిరిగి లేచేది ఎలాగూ లేస్తుంది, అది సెల్ బయటే లేచేటట్టు చూడడం తెలివైన పని. వాక్యూమ్ ఆరబెట్టడం పూర్తయ్యాక కొలిచిన మందాన్నే సెల్ రూపకల్పనకు ఆధారంగా తీసుకోండి. క్యాలెండర్ దగ్గరి మందాన్ని నాణ్యత నియంత్రణకు మాత్రమే వాడండి.

పూత ఆరబెట్టే ఓవెన్ గురించి కొత్తవారు తక్కువగా ఆలోచిస్తారు. పూత త్వరత్వరగా ఆరితే నీటితో పాటు బైండర్ కూడా పైకి ప్రయాణిస్తుంది, పైభాగం బిరుసుగా మారి రేకును ఆనుకున్న అడుగు భాగానికి బైండర్ కరువవుతుంది. అలాంటి పూత మొదటి ఛార్జ్‌లో ఉబ్బినప్పుడు అడుగున పట్టు జారి, డిశ్చార్జ్ అయ్యాక మళ్లీ పాత చోటికి రాదు. మీరు కొలిచే శాశ్వత పెరుగుదలలో ఇదొక భాగం. జర్మనీలోని కార్ల్స్‌రూయె సాంకేతిక సంస్థ పరిశోధకులు యానోడ్ పూత ఆరే క్రమాన్ని దశలుగా విడదీసి, మొదట పూత కుంచించుకుపోయే దశలో వేగంగా ఆరబెట్టినా నష్టం లేదని, కణాలు ఒకదానికొకటి ఆనుకుని ఖాళీల నుంచి నీరు వెళ్లిపోవడం మొదలయ్యే మధ్య దశలోనే నెమ్మదించాలని, చివరలో మళ్లీ వేగం పెంచవచ్చని చూపించారు. మీ ఓవెన్‌లో మూడు జోన్లుంటే మధ్య జోన్ గాలి వేగాన్ని, ఉష్ణోగ్రతను తగ్గించి, పూత ఊడదీసే పీల్ పరీక్ష బలం ఎలా మారుతుందో చూడండి. ఇది ఖర్చు లేని మార్పు, నాకు తెలిసినంతలో ఎక్కువ ఫలితమిచ్చే మార్పు కూడా.

స్లర్రీ కలపడంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. స్లర్రీని చిక్కబరిచే సీఎంసీ పూర్తిగా కరగకుండా జెల్ ముద్దలుగా మిగిలితే ఆ చోట పూత బలహీనంగా ఉంటుంది. గ్రాఫైట్‌ను ముందు చిక్కని ముద్దలాగా, తక్కువ నీటితో పిసికి, తర్వాత పలుచన చేస్తే కణాలన్నిటికీ సీఎంసీ సమంగా పడుతుంది. ఎస్‌బీఆర్‌ను ఎప్పుడూ చివర్లో, నెమ్మదిగా తిప్పుతూ కలపాలి. వేగంగా తిప్పితే ఆ రబ్బరు పాలు విరిగిపోతాయి.

సెల్ కూర్పు విషయంలో ఒక వాస్తవ ఘటన చెప్పి తీరాలి. 2016లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలిపోవడం మీద ఆ సంస్థ 2017 జనవరి 23న తన విచారణ ఫలితాలు వెల్లడించింది. మొదటి విడత ఫోన్లలోని బ్యాటరీలో పైన కుడి మూల దగ్గర నెగటివ్ ఎలక్ట్రోడ్ వంగిపోయిందని, ఆ మూలలో పౌచ్ లోపల తగినంత చోటు లేదని అందులో తేలింది. రెండో సరఫరాదారు బ్యాటరీల్లో కారణం వేరు, అక్కడ వెల్డింగ్ దగ్గర లేచిన మొనలు. మన చర్చకు మొదటిదే ముఖ్యం. యానోడ్ ఉబ్బుతుందని అందరికీ తెలిసినా ఆ ఉబ్బుకు మూలల్లో చోటు మిగల్చకపోతే ఏమవుతుందో అది చూపించింది. చుట్టిన సెల్స్‌లో మూల మలుపులే అత్యంత ఇరుకైన చోట్లు. చుట్టేటప్పుడు లాగే బలం ఎక్కువైతే పొరలు కదలడానికి వీలు లేక, ఉబ్బినప్పుడు లోపలి మలుపులు ముడుచుకుపోతాయి. మీరు పేర్చిన సెల్స్ చేస్తున్నట్లయితే ఆ బెడద లేదు. చుడుతున్నట్లయితే లాగే బలాన్ని మొదటి మలుపుల నుంచి చివరి మలుపుల వైపు క్రమంగా తగ్గించండి. పౌచ్ గుంట లోతును పూర్తి ఛార్జ్ మందానికి లెక్క వేయండి.

మీరు చూస్తున్నది ఎలక్ట్రోడ్ ఉబ్బా, గ్యాసా అన్న తేడా ఇక్కడే పట్టుకోవాలి. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్లీ లేచే పౌచ్‌లో ఉన్నది గ్యాస్. గట్టిగా, సమంగా మందం పెరిగిన పౌచ్‌లో ఉన్నది ఎలక్ట్రోడ్ ఉబ్బు. గ్యాస్‌కు ఒక మామూలు కారణం తేమ. ఎలక్ట్రోలైట్‌లోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ నీటితో కలిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది, అది మిగతా భాగాలను తినడం మొదలుపెడుతుంది. తేమ తీసేసిన డ్రై రూమ్‌లో, తేమకు కొలతైన మంచు బిందువు సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉన్నా, బాగా ఆరిన ఎలక్ట్రోడ్‌లను ఓవెన్ బయట పెట్టి భోజనానికి వెళ్తే అవి తేమను మళ్లీ పీల్చుకుంటాయి. వర్షాకాలంలో మన తీర జిల్లాల్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

మొదటి ఛార్జ్, అంటే ఫార్మేషన్, సెల్‌ను ఊరకే బల్ల మీద పెట్టి చేయవద్దు. రెండు చదునైన పలకల మధ్య సమమైన ఒత్తిడితో బిగించి చేయండి. ఉబ్బే కణాలు అప్పుడు పైకి లేవడానికి బదులు పక్కనున్న ఖాళీల్లోకి సర్దుకుంటాయి, పుట్టిన గ్యాస్ పొరల మధ్య నిలవకుండా పౌచ్ పక్కనున్న గ్యాస్ సంచిలోకి వెళ్లిపోతుంది. చాలా కర్మాగారాల్లో ఈ పలకలను 45 నుంచి 80 డిగ్రీల దాకా వేడి చేస్తారు. రెండు ఎలక్ట్రోడ్‌లను వేరుచేసే సెపరేటర్ మీద పీవీడీఎఫ్ పూత ఉంటే ఆ వేడికి అది ఎలక్ట్రోడ్‌లకు అతుక్కుని, సెల్ మొత్తం ఒకే పలకలాగా గట్టిపడుతుంది. కరెంటును మొదట చాలా తక్కువగా ఉంచాలి. గ్రాఫైట్ మందం ఛార్జ్‌తో పాటు నిలకడగా పెరగదు: మొదటి పాతిక, ముప్ఫై శాతం ఛార్జ్‌లో వేగంగా పెరిగి, సగం దాకా దాదాపు నిలిచిపోయి, ఆ తర్వాత మళ్లీ లేస్తుంది. పలకల మధ్య బలాన్ని కొలిచే పరికరం (లోడ్ సెల్) పెట్టి ఒత్తిడిని నమోదు చేస్తే ఈ మెట్లు స్పష్టంగా కనబడతాయి. మెట్లు చెరిగిపోయి గీత ఒక్కటిగా సాగితే యానోడ్ అసమంగా నిండుతోందని అర్థం. చివరలో నిటారుగా లేస్తే లిథియం లోహంగా పైన పేరుకుంటోందని అనుమానించాలి.

క్యాథోడ్ వైపు గురించి ఒక్క మాట. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఛార్జ్ అయ్యేటప్పుడు దాదాపు ఏడు శాతం కుంచించుకుపోతుంది, కనుక ఆ సెల్స్‌లో యానోడ్ ఉబ్బు కొంత సర్దుబాటవుతుంది. కోబాల్ట్ ఆక్సైడ్ క్యాథోడ్ ఛార్జ్‌లో తానూ కొద్దిగా ఉబ్బుతుంది. సెల్ మందం మాత్రమే కొలిచి యానోడ్ గురించి తీర్పు చెప్పకూడదు.

కొత్త పద్ధతుల్లో రెండింటి గురించి తరచూ అడుగుతున్నారు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2016లో అయస్కాంత క్షేత్రంతో గ్రాఫైట్ రేకులను రాగి రేకుకు నిలువుగా నిలబెట్టి చూపించారు. వారి లక్ష్యం వేగంగా ఛార్జ్ చేయడమే అయినా, కణాలు నిలబడితే వాటి ఉబ్బు పక్కకు తిరుగుతుంది. పైలట్ లైన్‌కు ఇది ఖరీదైన ఏర్పాటు. రెండోది ద్రావకం లేకుండా పొడితోనే పూత వేయడం, 2019లో టెస్లా మ్యాక్స్‌వెల్ సంస్థను కొన్నాక దీనికి పేరు వచ్చింది. ఆరబెట్టే పనే లేదు కనుక బైండర్ పైకి పోయే సమస్య కూడా లేదు. అయితే అందులో వాడే పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) బైండర్ యానోడ్ వైపు లిథియంతో చర్య జరిపి కొంత లిథియాన్ని తినేస్తుంది, రోలర్ల ఒత్తిడి సమస్య ఎలాగూ ఉంటుంది. మీరు ఇప్పుడే ఈ రెండింటి జోలికి వెళ్లనవసరం లేదు.

2022లో తిరుపతిలో మునోత్ సంస్థ లిథియం సెల్ కర్మాగారం ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలుపెట్టింది, 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. మీలాంటి ఇంజనీర్లు రేపు ఇలాంటి లైన్ల మీదే నిలబడతారు కాబట్టి ఇంత వివరంగా రాశాను.

ఇక సిలికాన్ ఆక్సైడ్. సిలికాన్ పూర్తిగా లిథియంతో నిండితే దాని ఘనపరిమాణం దాదాపు నాలుగింతలకు దగ్గరవుతుంది. ఆక్సైడ్‌లో అది తక్కువే అయినా గ్రాఫైట్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. గ్రాఫైట్ ఒక్కటే ఉన్న ఎలక్ట్రోడ్‌లో శాశ్వత పెరుగుదల అదుపులోకి రాకముందే దాన్ని కలిపితే ఏది ఎక్కడి నుంచి వస్తోందో మీకు ఇక తెలియదు. కలిపే రోజున ఎస్‌బీఆర్‌తో సరిపెట్టకుండా పాలీయాక్రిలిక్ ఆమ్లపు బైండర్, అతి కొద్దిగా ఏక గోడ కార్బన్ నానోట్యూబులు జత చేయండి. కణాలు ఉబ్బి కుంచించుకుపోయినా విద్యుత్ దారులు తెగకుండా అవి పట్టి ఉంచుతాయి. నొక్కే సాంద్రతను గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ కంటే తగ్గించి ఉబ్బుకు లోపల చోటివ్వండి. ముందే లిథియం ఎక్కించిన రకం కొంటే అది నీటి స్లర్రీని క్షారంగా మార్చి హైడ్రోజన్ వదులుతుంది. స్లర్రీ కలిపిన పాత్రకు మూత బిగించి రాత్రంతా వదిలేయకుండా, పీహెచ్ చూసుకుంటూ అదే పూటలో పూత వేసేయండి.